పెరుగు డబ్బాలో ఇత్తడి

మా ఇంట్లో పెరుగు డబ్బాలో పెరుగు ఉండేది మొదటి వారమే. తర్వాత అందులోకి కందిపప్పు వస్తుంది, కరివేపాకు పొడి వస్తుంది, ఫ్రీజర్‌లో అయితే రుబ్బిన కొబ్బరి. ఇంకా మిగిలినవి గ్యారేజ్‌కి వెళ్ళి మేకులకీ స్క్రూలకీ ఇల్లవుతాయి. అమెరికాలో మేముండే ఈ నోవైలో నాకు తెలిసిన తెలుగు ఇళ్ళన్నీ ఇంతే. అన్నీ ఒకే తెల్ల డబ్బాలు, ఒకే నీలం మూతలు. మూత తీస్తే గానీ లోపలేముందో తెలియదు. అయినా ఎవరూ పేర్లు రాసుకోరు. ఏది ఏ అరలో ఉందో ఆ అర సర్దిన మనిషికి తెలుస్తుంది కదా.

గ్యారేజ్‌లో పై అరలో ఎడమ మూల ఉన్న డబ్బా నాది. అందులో నా కేసులు ఉండేవి.

రైఫిల్ పేల్చాక బులెట్ వెళ్ళిపోతుంది, ఇత్తడి గొట్టం మిగులుతుంది. దాన్నే కేస్ అంటారు. పారేయక్కర్లేదు. అచ్చులో నొక్కి మళ్ళీ ఆకారానికి తెచ్చి, అడుగున నిప్పు రాజేసే కొత్త ప్రైమర్, కొత్త పౌడర్, కొత్త బులెట్ పెట్టి ఇంట్లోనే తిరిగి తయారు చేసుకోవచ్చు. తేజేశ్వర్, అంటే మా ఆయన, మూడేళ్ళుగా ఇదే చేస్తున్నారు. కార్ల కంపెనీలో బ్రేకుల ఇంజనీరు. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే మనిషికి శనివారం చేత్తో చేసే పనేదో ఒకటి ఉండాలంటారు.

అయితే ఆ పనిలో ఒక భాగం ఆయనకి విసుగు. పేల్చినప్పుడల్లా, అచ్చులో నొక్కినప్పుడల్లా ఇత్తడి ముందుకి పాకుతుంది. కేస్ మెడ కొంచెం కొంచెంగా పొడుగవుతుంది. కంటికి తెలియదు. హద్దు దాటితే దాని మూతి, తుపాకీలో తూటా కూర్చునే ఛాంబర్ చివర ఇరుక్కుని బులెట్‌ని గట్టిగా పట్టేస్తుంది. అలాంటిదాన్ని పేలిస్తే లోపల ఒత్తిడి ఎంత పెరుగుతుందో చెప్పలేం. తుపాకీ పాడవ్వచ్చు, మనిషికీ దెబ్బ తగలవచ్చు. అందుకని ప్రతి కేస్‌నీ అచ్చులో నొక్కాక కాలిపర్‌తో కొలవాలి. పొడుగుంటే చిన్న చేతి యంత్రంలో బిగించి, పిడి తిప్పి, మూతి కోయాలి. కోసిన అంచు లోపలా బయటా గరుకు పోయేలా గీకాలి. ఒక్కదానికి పెద్ద పనేం కాదు. కానీ అవి ఎప్పుడూ ఒక్కటి ఉండవు.

"ఛాయాదేవికి ఓపిక ఎక్కువ" అని మొదట అన్నది జగన్మోహన్ అన్నయ్య. మా ఆయనతో కలిసి రేంజ్‌కి, అంటే తుపాకులు పేల్చే మైదానానికి, వెళ్ళే స్నేహితుడు, కరీంనగర్ మనిషి. ఆ మాట అన్న వారానికే తన కేసులు కూడా ఒక డబ్బాలో పోసి మా గ్యారేజ్‌లో పెట్టి వెళ్ళాడు. "చెల్లెమ్మా, నువ్వు ఎట్లాగూ కూసుంటవు గదా, ఇవి గూడ జర చూడు." అప్పటినుంచి ఇద్దరివీ కలిసిపోయాయి. ఎవరివి ఎవరివో పట్టింపు లేదు. మనవే కదా, మనవాళ్ళే కదా.

ఓపిక ఉందని చెప్పడం పొగడ్త అనుకున్నాను కొన్నాళ్ళు.

నిజానికి ఆ పని నాకు ఇష్టమే. మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో వెర్నియర్ కాలిపర్స్ ఒకటుండేది, బీరువాలో. సైన్సు సారు సంవత్సరానికి ఒకసారి బయటికి తీసి, దూరం నుంచి చూపించి, మళ్ళీ లోపల పెట్టి తాళం వేసేవారు. బొమ్మ మాత్రం మేమంతా నోట్సులో వేశాం. ఇప్పుడు కాలిపర్ నా చేతిలోనే ఉంటుంది. అంగుళంలో వెయ్యో వంతు అంకె కిందా మీదా అవుతుంటే చూస్తూ కూర్చోవడం నాకు విసుగనిపించదు.

విసుగు వేరేచోట ఉంది.

నేనూ పేలుస్తాను. మొదట్లో పక్కన కూర్చుని దూరదర్శినిలోంచి ఆయన బులెట్ ఎక్కడ తగిలిందో చెప్పేదాన్ని. తర్వాత ఒక పాత రైఫిల్ నా పేరున కొనుక్కున్నాం. దానికో చాదస్తం ఉంది. కలగాపులగం కేసులతో పేలిస్తే అట్ట మీద గుళ్ళు ఎక్కడెక్కడో పడతాయి. అదే రైఫిల్‌లో పేలినవాటిని, ఒళ్ళు నొక్కకుండా మెడ వరకే అచ్చు వేసి, అన్నీ ఒకే పొడవుకి కోసి వాడితే బుద్ధిగా ఒకచోట పడతాయి. పేలినప్పుడు ఆ ఛాంబర్ కొలతకి ఉబ్బిన ఒళ్ళు అలాగే ఉంటుంది కాబట్టి అందులో సరిగ్గా ఇముడుతుంది. ఈ సంగతి రాధాకృష్ణ అంకుల్ చెప్పారు. మా ముగ్గురికీ తూటాలు కట్టడం నేర్పింది ఆయనే. ముగ్గురూ అంటే మా ఆయన, జగన్మోహన్ అన్నయ్య, నేను. నన్ను కూడా లెక్కలో వేసుకున్నది ఆయనొక్కరే.

ఊరికి ఉత్తరాన గంట దూరంలో, మేం పేల్చడానికి వెళ్ళే క్లబ్బులో నేను సభ్యురాలిని కాను, సభ్యుడి భార్యని. అంటే ఆయన తీసుకెళ్తేనే గేటు తెరుచుకుంటుంది. నాకంటూ గేటు కార్డు రావాలంటే ఒక పోటీలో నా పేరుతో ఇరవై గుళ్ళు పేల్చి, రెండు వందలకి నూట అరవై తెచ్చుకోవాలి. డ్రైవింగ్ నేర్చుకున్నాను. వారం మధ్యలో, ఎవరూ లేనప్పుడు, ఆ పైన్ చెట్ల మధ్య నేనొక్కదాన్నే వెళ్ళి నా టైముకి నేను పేల్చుకుని రావాలని కోరిక. అంతకన్నా పెద్దదేం కాదు. అక్టోబర్ ఆఖరి ఆదివారం ఈ ఏటికి చివరి పోటీ. తర్వాత మంచు, మళ్ళీ వసంతం వరకు పోటీల్లేవు.

అందుకే వేసవంతా పాతిక కేసులు విడిగా పెట్టుకున్నాను. అన్నీ నా రైఫిల్‌లో పేలినవే. అన్నీ మెడ వరకే అచ్చు వేసి, టూ పాయింట్ ఓ ఓ ఫైవ్ అంగుళాలకి కోసినవే. మూత పెట్టి పై అరలో ఎడమ మూల పెట్టాను. పోటీ ముందు రోజు శనివారం, ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు కూర్చుని, ఒక్కొక్కటే నింపుకోవాలని.

శుక్రవారం మా స్నేహితురాలు శాంతిగారింట్లో సీమంతం. సాయంత్రం గాజులు వేయించుకుని ఇంటికి వచ్చేసరికి గ్యారేజ్ తలుపు తెరిచి ఉంది. జగన్మోహన్ అన్నయ్య, మా ఆయన బల్ల ముందు నిలబడి టీ తాగుతున్నారు. బల్ల మీద ప్లాస్టిక్ పెట్టెల్లో తూటాలు వరసగా మెరుస్తున్నాయి. పై అర ఖాళీ.

"ఏవండీ, ఇక్కడ డబ్బా ఏది?"

"ఏ డబ్బా?"

"ఎడమ పక్కది."

"అవన్నీ అయిపోయాయ్" అన్నారు ఆయన నవ్వుతూ. "మూడు డబ్బాలూ లోడ్ చేసేశాం. నీకు రేపు ఏ పనీ లేదు. హాయిగా పడుకో."

"ఆ డబ్బాలోవి నావి."

"అన్నీ మనవే కదే."

"నావి. నా రైఫిల్‌వి. ఆదివారానికి దాచుకున్నవి."

ఆయన మొహం కొంచెం మారింది. జగన్మోహన్ అన్నయ్య టీ కప్పులోకి చూస్తూ, "నేనన్న గద తమ్మీ, ఓసారి అడుగుదామని" అన్నాడు.

"నువ్వెప్పుడన్నావ్?"

"మనసుల అన్న."

ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"డబ్బా మీద పేరు రాయొచ్చుగా" అన్నారు ఆయన.

కందిపప్పు డబ్బా మీద పేరుందా? పప్పు వండబోయి స్క్రూలు వేశానా నేనెప్పుడైనా? ఇవేవీ అనలేదు. నాకు కోపం వచ్చినప్పుడు మాటలు లోపలే బారులు తీరి నిలబడతాయి, ముందుకు కదలవు.

పెట్టెల ముందు కూర్చున్నాను. కొలిస్తే దొరుకుతాయేమో అనుకున్నాను. నావి మిగతావాటికంటే వెంట్రుకవాసి పొట్టి. కానీ బులెట్ కూర్చున్నాక కేస్ పొడవు కొలవడం కుదరదు. మూతి బులెట్‌ని పట్టుకుని ఉంటుంది, కాలిపర్ పళ్ళు బులెట్ మొనని కొలుస్తాయి. ఒళ్ళు లావు కొలిచి చూశాను. కాలిపర్ అంకె నేను పట్టుకున్న తీరుని బట్టి మారుతోంది తప్ప తూటాని బట్టి మారడం లేదు. ఇత్తడి కంపెనీ ముద్ర చూద్దామంటే, వాళ్ళవాటిలో సగం అదే కంపెనీవి. నా రైఫిల్‌లో పెట్టి చూడనా అంటే, నిండు తూటాని ఇంట్లో తుపాకీలో పెట్టకూడదన్నది రాధాకృష్ణ అంకుల్ మాకు నేర్పిన మొదటి మాట. పైగా పెట్టినా ఏం తెలుస్తుంది? బిగువులో పిసరంత తేడా తప్ప అన్నీ అందులో పడతాయి.

"ఏవైతేనేం ఛాయా, పౌడర్ అదే, బులెట్ అదే" అన్నారు ఆయన వెనకనుంచి. "మరీ అంత తేడా ఏముంటుంది?"

బ్రేకుల ఇంజనీరు అడగాల్సిన ప్రశ్నేనా అది అనుకుని, పెట్టె మూత వేసేశాను.

ఆదివారం పొద్దున గాలి చల్లగా ఉంది. పైన్ చెట్ల కింద బల్లలు తడిగా ఉన్నాయి. క్లబ్బు తరఫున మార్కులు వేసే కారల్ అనే పెద్దావిడ నన్ను చూసి చెయ్యి ఊపి, నా పేరు 'షాయా' అని పిలిచి, కాగితం మీద మాత్రం సరిగ్గా రాసింది. మొదటి జట్టులో మా ఆయన, జగన్మోహన్ అన్నయ్య. కొత్తవాళ్ళం చివరి జట్టులో. ముగ్గురం ఇంట్లో కట్టిన తూటాలు తలా ఒక పెట్టె పట్టుకున్నాం. ఎవరి పెట్టెలో ఏమున్నాయో ఎవరికీ తెలియదు.

పేల్చడం మొదలైన కాసేపటికే జగన్మోహన్ అన్నయ్య చెయ్యి ఎత్తాడు. తూటాని లోపలికి నెట్టి మూసే రైఫిల్ బోల్ట్ సగంలో ఆగిపోయింది. తూటా బయటికి తీసి పక్కన పెట్టి ఇంకొకటి పెట్టుకున్నాడు. అది పేలింది. తర్వాతది మళ్ళీ ఆగింది. అలా నాలుగైదు పక్కన పేరుకున్నాయి. పక్క బల్ల దగ్గర మా ఆయన కూడా కొన్నిసార్లు అరచేత్తో బోల్ట్ మీద గట్టిగా కొట్టి మూయడం చూశాను. కొట్టారు, పేల్చారు.

జట్టు దిగగానే అన్నయ్య ఆ తూటాలు గుప్పిట్లో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఏందమ్మా ఇది? బోల్ట్ పడ్తలేదు. ఇవి ట్రిమ్ చెయ్యనీకి మరిచినవా ఏంది?"

"చేశాను అన్నయ్యా."

"పొడుగున్నయ్ కాబట్టే గదా ఇరుకుతున్నయ్."

"ఒక్కోసారి మిస్ అవుతాయిలే" అన్నారు మా ఆయన, నన్ను వెనకేసుకొస్తున్నట్టు. "అన్ని వందలు కోస్తుంటే ఎవరికైనా కళ్ళు పోతాయ్."

ఒళ్ళు మండిపోయింది. తిట్టి ఉంటే ఇంత ఉండేది కాదు. నేను చెయ్యని తప్పుని నా తరఫున ఆయన క్షమించేస్తున్నారు.

రాధాకృష్ణ అంకుల్ ఆ రోజు పోటీలో లేరు, చూడ్డానికి వచ్చి మడత కుర్చీలో కూర్చున్నారు. మాటలు విని లేచి వచ్చారు.

"నీకూ బిగిసిందా?" అని మా ఆయన్ని అడిగారు.

"నాలుగైదు అంకుల్. చలికి అనుకున్నా. కొడితే పడిపోయాయ్."

"కొడితేనా?" అంకుల్ గొంతు పెరిగింది. "బిగిస్తే ఆపాలి గానీ గుద్దుతావా? పొడుగు కేస్ అయి ఉంటే ఏమయ్యేదిరా? ఆ చెంప నీదేనా, అద్దెకి తెచ్చుకున్నావా?"

మా ఆయన చెంప తడుముకున్నారు.

"అవి పొడుగు కాదు అంకుల్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అవి నావి అయ్యుంటాయ్. మెడ వరకే అచ్చు వేసినవి. వాటి ఒళ్ళు నా రైఫిల్ కొలతకి ఉంది. అన్నయ్య ఛాంబర్ ఇరుకు, అందుకే పట్టట్లేదు."

"అయ్యుంటాయ్ అంటే కుదరదమ్మాయ్" అన్నారాయన. "పొడుగు వల్లా ఇరుకుతుంది, లావు వల్లా ఇరుకుతుంది. లావైతే నీ రైఫిల్‌కి మంచిది. పొడుగైతే ఎవరి రైఫిల్‌కీ మంచిది కాదు. ఏదో ఎట్లా తెలుస్తుంది?"

"ఒకటి విప్పి చూద్దాం."

ఆయన కారులోంచి ప్లాస్టిక్ సుత్తి తెచ్చారు. తూటాని దాని తలలో బిగించి చెక్క దుంగ మీద కొడితే బులెట్ ఊడి వచ్చేస్తుంది. నాలుగో దెబ్బకి ఊడింది. పౌడర్‌ని కాగితంలోకి వంపి, ఖాళీ కేస్ నా చేతికి ఇచ్చారు. నేను కాలిపర్ తుడిచి, సున్నా చూసుకుని, కొలిచాను. చలికి వేళ్ళు మొద్దుబారాయి. అంకె నిలబడేదాకా ఊపిరి తీసుకోలేదు.

"టూ పాయింట్ ఓ ఓ ఫైవ్."

జగన్మోహన్ అన్నయ్య నా భుజం మీదుగా తొంగి చూసి, "హద్దెంత?" అన్నాడు.

"టూ పాయింట్ ఓ వన్ ఫైవ్. పది వెయ్యో వంతులు లోపలే ఉంది."

ఇంకొకటి విప్పమన్నారు అంకుల్. అదీ అంతే. "సరే" అన్నారు. "పొడుగు కాదు. నీవే ఇవి."

మనసు కొంచెం తేలికపడింది, అంతలోనే బరువెక్కింది. ఆ రెండూ విప్పేశాం కాబట్టి ఇక పనికిరావు. చేతిలో మిగిలినవి మూడే.

"ఉండు చెల్లెమ్మా" అన్నాడు జగన్మోహన్ అన్నయ్య. తర్వాతి జట్టుకి కాల్పుల లైను తెరవగానే, కారల్‌ని అడిగి, చివరి బల్ల దగ్గర రైఫిల్ మొన అట్టల వైపు పెట్టి కూర్చున్నాడు. మూడు పెట్టెల్లో మిగిలిన తూటాలన్నీ ఒక్కొక్కటే తన బోల్ట్‌కి పెట్టి చూశాడు. సులువుగా పడినవి ఎడమకి, ఆగినవి కుడికి. తుపాకీతో జల్లెడ పట్టడం అంతకుముందు నేనెక్కడా చూడలేదు. ఒక్కొక్కటి కుడికి వచ్చినప్పుడల్లా, "నీదే" అనేవాడు. "ఇదిగూడ నీదే. ఇది మాది. ఇది నీదే, పెద్ద మొండిది, నీ లెక్కనే ఉంది."

అప్పుడు నవ్వాను.

అన్నీ కలిపి పద్దెనిమిది అయ్యాయి. ఇరవై కావాలి.

మా ఆయన అక్కడే నిలబడి ఉన్నారు. తను గుద్ది పేల్చినవి ఎన్నో ఆయనకి తెలుసు. నాకూ తెలుసు, విప్పిన రెండూ పోగా ఐదు.

"రెండే కదా" అన్నారు మెల్లగా. "మామూలువి రెండు పెట్టుకో."

నా జట్టు వచ్చింది. బల్ల ముందు కూర్చుని, మొదటి తూటా పెట్టి బోల్ట్ మూశాను. చిన్న బిగువుతో, తెలిసిన ఇంట్లోకి వచ్చినట్టు కూర్చుంది. ఒకటి తర్వాత ఒకటి తొందర లేకుండా పేల్చాను. దూరదర్శినిలోంచి చూస్తే అట్ట మీద గుంపు నా అరచేతిలో పట్టేంత ఉంది. మధ్య కంటే కొంచెం కుడికి జరిగింది, గాలికి. నేను సర్దుకోవడం ఆలస్యమైంది. ఆ తప్పు ఎవరిదీ కాదు, నాదే. ఆ తప్పు మీద నాకు కోపం రాలేదు.

పద్దెనిమిదీ అయ్యాక ఆ మామూలువి రెండూ మిగిలాయి. బోల్ట్ ఏ బిగువూ లేకుండా వదులుగా మూసుకుంది. అప్పుడే తెలిసింది నాకు, ఇవి గుంపులో పడవని. ఒకటి ఎడమ అంచున ఎక్కడో తగిలింది. ఇంకొకటి అట్టకే తగల్లేదు.

కారల్ రెండుసార్లు లెక్కపెట్టింది. నూట యాభై ఎనిమిది. కళ్ళజోడు పైకి జరిపి, పద్దెనిమిది గుళ్ళ వరకు తను ఈ నెలలో చూసిన మంచి గుంపుల్లో ఇదొకటని, ఆ చివరి రెండింటికీ ఏమైందని అడిగింది. ఇంగ్లీషులో అదంతా చెప్పడం నాకు చేతకాలేదు. తెలుగులోనూ చేతనయ్యేది కాదేమో. ఏప్రిల్‌లో రమ్మని చెప్పి, కాగితం మీద నా పేరు పక్కన గీత గీసింది.

కారు హైవే ఎక్కాక ఆయనే మొదలుపెట్టారు.

"రెండు పాయింట్లు. ఏప్రిల్ ఎంతలో వస్తుంది."

నేను కిటికీలోంచి చూస్తున్నాను.

"సారీ చెప్పాను కదా."

"చెప్పలేదు."

"చెప్పలేదా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "మనసులో చెప్పాను."

"మీ ఇద్దరూ అన్నీ మనసులోనే చెప్తారు" అన్నాను. "డబ్బా తీసుకునేటప్పుడు మాత్రం చేత్తో తీసుకుంటారు."

ఆయన యాక్సిలరేటర్ మీంచి కాలు తీశారు. వెనక కారు హారన్ కొట్టింది. "సారీ" అన్నారు. వెనక కారుతో కాదు.

ఇంటికి రాగానే నా పద్దెనిమిది కేసులూ కోటు జేబులో అలాగే ఉంచుకున్నాను. ఏ డబ్బాలోనూ పెట్టలేదు. వంటింట్లో అన్నం పెట్టి గ్యారేజ్‌లోకి వచ్చేసరికి ఆయన నల్ల మార్కర్‌తో ఒక పెరుగు డబ్బా మీద పెద్ద అక్షరాలతో 'ఛాయ' అని రాస్తున్నారు. చివర దీర్ఘం లేకపోయినా శ్రద్ధగా రాశారు. నా చేతికి ఇచ్చారు. బరువుగా ఉంది. మూత తీశాను. లోపల స్క్రూలు.

ఆయన లోపలికి చూశారు. నన్ను చూశారు.

"ఖాళీ చేస్తా" అన్నారు.

"చెయ్యండి."

ఆ తర్వాతి శనివారం, అలవాటు ప్రకారం, ఇద్దరి కేసుల డబ్బా తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టి, "ఎప్పుడు కూర్చుంటావ్?" అన్నారు.

"కూర్చోను. నావి అయిపోయాయి."

"మరి ఇవి?"

కోత యంత్రాన్ని ఆయన వైపు జరిపాను. కాలిపర్ పక్కన పెట్టాను. ఆయన ఒక కేస్ తీసి, బిగించి, పిడి పట్టుకుని తిప్పబోయారు.

"ముందు అచ్చు వెయ్యాలి" అన్నాను. "తర్వాత కొలవాలి. పొడుగుంటేనే కొయ్యాలి. ముందే కోస్తే అచ్చులో మళ్ళీ పెరుగుతుంది."

"అవును, తెలుసు" అన్నారు, తెలియనట్టే. అచ్చు వేశారు, తుడిచారు, కొలిచారు, కోశారు, మళ్ళీ కొలిచారు. నాలుగోదానికే తన మెడ నొక్కుకున్నారు. పదోదానికి, "ఇన్నాళ్ళూ ఇదంతా ఎట్లా చేశావే?" అన్నారు. నేను ఓపిక మాట ఎత్తుతానేమోనని చూశారు. ఎత్తలేదు. గుమ్మం దగ్గర నిలబడి చూస్తూ ఉన్నాను.

కొంతసేపటికి ఒక కేస్‌ని కాలిపర్ పళ్ళ మధ్య పెట్టి ఆగిపోయారు. వెలుతురులోకి పట్టుకుని చూశారు.

"ఇది కొయ్యక్కర్లేదు. మిగతావాటికంటే పొట్టిగా ఉంది, అంచు కూడా నున్నగా ఉంది." లేచి వచ్చి నా చేతిలో పెట్టారు. "నేను గుద్దినవాటిలోది అనుకుంటా. నీదే కదా?"

కొలిచాను. నాదే. కోసిన అంచు నా చేతి పనే. కానీ ఒళ్ళు ఆయన రైఫిల్‌లో పేలింది, పైగా ఇప్పుడే అచ్చులో పూర్తిగా నొక్కుకుంది. ఇక నా ఛాంబర్‌లో ఆ బిగువుతో కూర్చోదు.

"నాదే" అన్నాను. "ఇప్పుడు మీది."

ఆయన ఏదో అనబోయి ఆగారు. దాన్ని తన డబ్బాలో వేసుకుని, ఇంకొకటి తీసి అచ్చులో పెట్టారు.